సౌర ఘటాల పాలిమర్లు: హరిత తయారీ పద్ధతుల చరిత్ర

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• సంయుగ్మ పాలిమర్ అంటే ఏమిటో, సౌర ఘటంలో అది చేసే పని ఏమిటో వివరించగలుగుతారు.
• ఈ పాలిమర్ల తయారీ థయోఫీన్ ఆవిష్కరణ నుంచి నేటి వరకు ఎలా మారుతూ వచ్చిందో చెప్పగలుగుతారు.
• తగరం సమ్మేళనాలు వాడే పద్ధతికీ, వాటిని తప్పించే పద్ధతులకూ తేడాను లెక్క వేసి చూపగలుగుతారు.
• ఒక పదార్థాన్ని 'హరితం' అనే ముందు దాని తయారీని ఎందుకు పరిశీలించాలో విశాఖపట్నం అనుభవం ఆధారంగా చర్చించగలుగుతారు.

విషయక్రమం

1. పరిచయం
2. బొగ్గులో దొరికిన థయోఫీన్
3. విద్యుత్తు ప్రవహించే పాలిమర్లు
4. పాలిమర్ సౌర ఘటం
5. తగరం మార్గం, దాని మూల్యం
6. హరిత మార్గాలు
7. విశాఖపట్నం అనుభవం
8. సారాంశం
9. మాదిరి పరీక్ష ప్రశ్నలు
10. పదకోశం

1. పరిచయం

విశాఖపట్నం పరిసరాల్లో సూర్యరశ్మి నుంచి విద్యుత్తు తీసే కేంద్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఉంది. సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం జలాశయం మీద ఎన్.టి.పి.సి. నిర్మించిన 25 మెగావాట్ల తేలియాడే కేంద్రం 2021 ఆగస్టులో పని మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా ఉన్నవి సిలికాన్ ఫలకాలు.

సిలికాన్ ఒక్కటే మార్గం కాదు. కొన్ని ప్రత్యేకమైన పాలిమర్లను ద్రావణిలో కరిగించి, సిరాలాగా చేసి, పలుచని ప్లాస్టిక్ రేకు మీద పూతగా పూసి కూడా సౌర ఘటం తయారుచేయవచ్చు. ఇలాంటి ఘటం తేలికగా ఉంటుంది, వంచితే వంగుతుంది. కిటికీ అద్దానికి, గుడారం బట్టకు, రేకుల షెడ్డు కప్పుకు అతికించవచ్చు. ఈ పాలిమర్లను 'సంయుగ్మ పాలిమర్లు' అంటారు.

సౌర ఘటం పనిచేసేటప్పుడు పొగ రాదు, బూడిద రాదు. కాబట్టి దాని నుంచి వచ్చే దాన్ని హరిత విద్యుత్తు అంటున్నాం. అయితే ఆ ఘటంలోని పదార్థం ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక కర్మాగారంలో, కొందరు మనుషుల చేతుల మీదుగా తయారు కావాలి. అక్కడ ఏ రసాయనాలు వాడారు? చివరికి ఏవి మిగిలాయి? వాటిని ఎక్కడ పారబోశారు? 2020 మే 7వ తేదీని చూసిన విశాఖపట్నం వాసులకు ఈ ప్రశ్నలు పుస్తకాల్లోవి మాత్రమే కావు. సంయుగ్మ పాలిమర్ల చరిత్రను ఈ ప్రశ్నలతో చదవడమే ఈ యూనిట్ ఉద్దేశం.

2. బొగ్గులో దొరికిన థయోఫీన్

సౌర ఘటాల్లో వాడే సంయుగ్మ పాలిమర్లలో ఎక్కువ వాటికి మూలమైన చిన్న వలయం థయోఫీన్. ఇందులో నాలుగు కార్బన్ పరమాణువులు, ఒక గంధకం పరమాణువు కలిసి వలయంగా ఉంటాయి. దీని కథ ఉక్కు పరిశ్రమకు చాలా దగ్గరది.

ఉక్కు కర్మాగారంలో బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మారుస్తారు. అప్పుడు వెలువడే వాయువును చల్లబరచి, కడిగితే తారు, అమ్మోనియా, బెంజోల్ దొరుకుతాయి. 1966 నాటి 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం ఫలితంగా రూపుదిద్దుకొని, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ విభాగం చేసే పనుల్లో ఇదొకటి. బెంజోల్‌ను శుద్ధిచేస్తే బెంజీన్, టోలీన్, జైలీన్ వస్తాయి. 19వ శతాబ్దపు ఐరోపాలోనూ బెంజీన్‌కు ముఖ్యమైన ఆధారం బొగ్గు తారే.

ఆ రోజుల్లో బెంజీన్‌ను గుర్తించడానికి ఒక పరీక్ష ఉండేది. ఐసాటిన్ అనే పదార్థాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి బెంజీన్ చేరిస్తే నీలిరంగు వచ్చేది. 1882లో జూరిచ్‌లో విక్టర్ మేయర్ తన తరగతిలో ఈ పరీక్ష చేసి చూపబోతే రంగు రాలేదు. ఆ రోజు సహాయకుడు సాండ్‌మేయర్ అందించిన బెంజీన్ బొగ్గు తారు నుంచి వచ్చింది కాదు, బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారుచేసినది. నీలిరంగుకు కారణం బెంజీన్ కాదనీ, బొగ్గు బెంజీన్‌లో దాగి ఉన్న మరో పదార్థమనీ మేయర్ గ్రహించాడు. దాన్ని వేరుచేసి థయోఫీన్ అని పేరు పెట్టాడు.

అంతకాలం అది ఎవరికీ ఎందుకు దొరకలేదు? బెంజీన్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, థయోఫీన్ 84 డిగ్రీల దగ్గర. స్వేదనంలో రెండూ దాదాపు కలిసే వస్తాయి. నేడు వాణిజ్యపరమైన థయోఫీన్‌ను ఎక్కువగా వేరే మార్గాల్లో సంశ్లేషణ చేస్తున్నారు. అయినా, ఒకనాడు బొగ్గు బెంజీన్‌లో 'మలినం'గా కనిపించిన వలయమే నేటి సౌర పాలిమర్‌కు ఇటుకగా మారిందన్న విషయం గుర్తుంచుకోండి.

3. విద్యుత్తు ప్రవహించే పాలిమర్లు

మనం రోజూ వాడే పాలిథీన్ సంచి, పీవీసీ గొట్టం విద్యుత్ బంధకాలు. తీగల మీద తొడుగుగా పీవీసీ వేసేది అందుకే. కార్బన్ గొలుసులో ఒక ఏకబంధం, ఒక ద్విబంధం, మళ్ళీ ఏకబంధం, ద్విబంధం ఇలా మారిమారి వస్తే సంగతి వేరు. ద్విబంధాల్లోని పై ఎలక్ట్రాన్లు ఒక్క బంధానికే కట్టుబడి ఉండక గొలుసు పొడవునా విస్తరిస్తాయి. ఇలాంటి అమరికను 'సంయుగ్మం' అంటారు. ఇలాంటి పాలిమర్లు అర్ధవాహకాలుగా పనిచేయగలవు, కాంతిని గట్టిగా శోషించుకోగలవు.

జపాన్‌కు చెందిన హిడెకి షిరకావా ప్రయోగశాలలో పాలిఎసిటిలీన్ మెరిసే పొరగా తయారైంది. ఉత్ప్రేరకాన్ని పొరపాటున వెయ్యి రెట్లు ఎక్కువగా వేయడం వల్ల అది మొదట దొరికిందన్నది ప్రసిద్ధమైన కథ. షిరకావా అమెరికాలో అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయోడిన్ లాంటి హాలోజన్లను తగిలించాడు. పొర వాహకత్వం లక్షల రెట్లు పెరిగింది. ఈ ఫలితం 1977లో వెలువడింది. ఈ ముగ్గురికీ 2000లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పాలిఎసిటిలీన్‌కు రెండు లోపాలున్నాయి. గాలి తగిలితే పాడవుతుంది, ఏ ద్రావణిలోనూ కరగదు. కరగని దాన్ని సిరాగా చేయలేం. అందుకని పరిశోధకుల దృష్టి గాలికి తట్టుకొనే థయోఫీన్ వలయం మీదికి మళ్ళింది. వలయానికి ఆరు కార్బన్ల హెక్సైల్ గొలుసును తోకలా తగిలిస్తే పాలిమర్ కరుగుతుంది. దీన్నే పాలి(3-హెక్సైల్‌థయోఫీన్), క్లుప్తంగా పి3హెచ్‌టి అంటారు.

4. పాలిమర్ సౌర ఘటం

1986లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు కర్బన రసాయన పొరలతో సుమారు 1 శాతం సామర్థ్యం గల సౌర ఘటాన్ని చూపాడు. 1992లో సరిచిఫ్చి, హీగర్, వుడ్ల్ బృందం ఒక ముఖ్యమైన విషయం కనిపెట్టింది. సంయుగ్మ పాలిమర్ మీద కాంతి పడితే, దాని పక్కనే ఉన్న ఫుల్లరీన్‌కు ఎలక్ట్రాన్ అతివేగంగా దూకుతుంది. 1995లో ఈ రెండింటినీ కలిపి ఒకే పూతగా పూశారు. పాలిమర్ ఎలక్ట్రాన్ దాత, ఫుల్లరీన్ గ్రహీత. కాంతి వల్ల పుట్టిన శక్తి కణం పాలిమర్‌లో సుమారు 10 నానోమీటర్ల దూరం మాత్రమే ప్రయాణించగలదు. ఆలోపే గ్రహీత ఎదురుపడాలంటే రెండూ బాగా కలిసిపోయి ఉండాలి. మిశ్రమ పూత ఆ అవసరాన్ని తీర్చింది.

2019లో చైనా పరిశోధకులు ఫుల్లరీన్‌కు బదులు వై6 అనే కొత్త గ్రహీతను పీఎం6 అనే పాలిమర్‌తో కలిపి 15.7 శాతం సామర్థ్యం సాధించారు. ఆ తరవాత ప్రయోగశాల ఘటాలు 19 శాతం కూడా దాటాయి.

ఈ ఘటాలకు పదార్థం ఎంత కావాలో లెక్క వేద్దాం. కాంతిని శోషించే పూత మందం సుమారు 100 నానోమీటర్లు. 1 చదరపు మీటరు మీద అంత మందంతో పూస్తే దాని ఘనపరిమాణం 0.1 ఘన సెంటీమీటరు, అంటే బరువు సుమారు 0.1 గ్రాము. సామర్థ్యం 15 శాతం అనుకుంటే నిండు ఎండలో చదరపు మీటరుకు 150 వాట్లు వస్తాయి. సింహాద్రి తేలియాడే కేంద్రమంత, అంటే 25 మెగావాట్లు కావాలంటే సుమారు 1,67,000 చదరపు మీటర్లు పూయాలి. దానికి పట్టే పదార్థం దాత, గ్రహీత కలిపి 17 కిలోలకు మించదు.

ఇంత తక్కువైతే దాని తయారీ గురించి చింత ఎందుకని మీకు అనిపించవచ్చు. జవాబు సిరాలో ఉంది. 1 మిల్లీలీటరు ద్రావణిలో 20 మిల్లీగ్రాముల పదార్థం కరిగించామనుకుందాం. 0.1 గ్రాముకు 5 మిల్లీలీటర్ల ద్రావణి కావాలి. మొత్తం విస్తీర్ణానికి సుమారు 835 లీటర్లు. పూత ఆరేటప్పుడు ఇదంతా ఆవిరైపోతుంది. పాలిమర్ తయారీకి, శుద్ధికి పట్టే ద్రావణి దీనికి అదనం. చేతికి వచ్చే పదార్థం కిలోల్లో ఉంటే, దాని వెనక ఖర్చయ్యే రసాయనాలు పీపాల్లో ఉంటాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) బొగ్గు బెంజీన్‌లో థయోఫీన్ చాలాకాలం బయటపడకపోవడానికి కారణం ఏమిటి?
(ఆ) పాలిమర్ సౌర ఘటంలో దాత, గ్రహీతలను కలిపి ఎందుకు పూస్తారు?

5. తగరం మార్గం, దాని మూల్యం

5.1 స్టిల్ చర్య

సంయుగ్మ పాలిమర్ చేయడమంటే ఒక వలయం కార్బన్‌ను మరో వలయం కార్బన్‌తో వరసగా కలపడం. రెండు వలయాలను ఊరకే పక్కపక్కన పెడితే అవి కలవవు. ఒక వలయానికి బ్రోమీన్, మరో వలయానికి ఒక లోహ సమూహం తగిలించి, పెల్లేడియం ఉత్ప్రేరకం సమక్షంలో వేడిచేయాలి. లోహ సమూహం, బ్రోమీన్ రెండూ ఊడిపోయి వలయాలు కలుస్తాయి. 1970ల చివర జపాన్‌లో కొసుగి, మిగిటా, అమెరికాలో జాన్ స్టిల్ తగరం సమూహాలతో ఈ చర్యను అభివృద్ధి చేశారు. దీనికి స్టిల్ చర్య అనే పేరు నిలిచింది. ఆయన 1989లో విమాన ప్రమాదంలో మరణించాడు. పెల్లేడియంతో వలయాలను కలిపే ఇలాంటి చర్యలకు 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ బహుమతి వచ్చింది.

1990ల నుంచి పాలిమర్ రసాయనజ్ఞులు స్టిల్ చర్యను విస్తారంగా వాడారు. కారణాలు న్యాయమైనవే. ఇది సున్నితమైన సమూహాలను పాడుచేయదు. నీరు, క్షారం అవసరం లేదు. పొడవాటి గొలుసులు వస్తాయి. పైన చెప్పిన పీఎం6 కూడా ఈ పద్ధతిలో తయారయ్యేదే. సౌర ఘటం సామర్థ్యం పట్టికలో పైకి వెళ్ళిన చాలా పాలిమర్లు తగరం మార్గంలో పుట్టినవే.

5.2 ఒక చిన్న లెక్క

పి3హెచ్‌టిని ఉదాహరణగా తీసుకొందాం. దాని పునరావృత భాగం మోలార్ ద్రవ్యరాశి 166 గ్రాములు. స్టిల్ చర్యలో ట్రైమిథైల్ తగరం సమూహం వాడితే, ఒక్కొక్క బంధం ఏర్పడినప్పుడు ఒక ట్రైమిథైల్ టిన్ బ్రోమైడ్ అణువు మిగులుతుంది. దాని మోలార్ ద్రవ్యరాశి 244 గ్రాములు. అంటే 166 గ్రాముల పాలిమర్‌కు 244 గ్రాముల విషపదార్థం. మనకు కావలసిన దానికంటే వద్దనుకొనేదే ఎక్కువ!

కావలసిన ఉత్పన్నం బరువును మొత్తం ఉత్పన్నాల బరువుతో భాగిస్తే వచ్చే శాతాన్ని 'పరమాణు మితవ్యయం' అంటారు. 1991లో అమెరికా రసాయనజ్ఞుడు బ్యారీ ట్రాస్ట్ ఈ భావనను ప్రతిపాదించాడు. ఇక్కడ అది 166 ÷ (166 + 244), అంటే సుమారు 40 శాతం. పునరావృత భాగం పెద్దదైన పాలిమర్లలో ఈ శాతం మెరుగుపడుతుంది. అయితే మిగిలే పదార్థం స్వభావం మారదు. ట్రైమిథైల్ తగరం సమ్మేళనాలు తేలికగా ఆవిరవుతాయి, చర్మం గుండా శరీరంలోకి వెళ్తాయి, మెదడును, నాడీ వ్యవస్థను దెబ్బతీస్తాయి.

తగరం గల ఏకాణువును తయారుచేయడం కూడా తేలిక కాదు. గాలి తగిలితే మండే బ్యూటైల్ లిథియంను సున్నా కంటే 78 డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతలో వాడాలి. తరవాత విషపూరితమైన తగరపు క్లోరైడ్ కలపాలి. ఆ పైన శుద్ధి. ఈ పనులన్నీ చేసే వ్యక్తి సౌర ఫలకం కొనేవారికి కనిపించరు.

5.3 తగరం సమ్మేళనాల పాత చరిత్ర

తగరం లోహం మన వంటింటికి కొత్తది కాదు. ఇత్తడి పాత్రలకు కళాయి వేసేది దానితోనే. లోహానికి కార్బన్ సమూహాలు తగిలితే మాత్రం అది వేరే పదార్థం. 1954లో ఫ్రాన్స్‌లో సెగగడ్డలకు మందుగా అమ్మిన స్టాలినాన్ గుళికల్లో డైఇథైల్ తగరం సమ్మేళనం ఉండేది. వాటిని మింగినవారిలో సుమారు 100 మంది మరణించారు.

రెండో అనుభవం ఓడరేవులది. 1933 డిసెంబరు 19న లార్డ్ విల్లింగ్‌డన్ ప్రారంభించిన విశాఖపట్నం రేవు మొదలుకొని ప్రపంచంలోని ఏ రేవుకు వచ్చే ఓడకైనా ఒక బెడద ఉంటుంది. నీటిలో మునిగి ఉండే అడుగు భాగానికి నత్తగుల్లలు, నాచు పట్టి వేగం తగ్గిస్తాయి, ఇంధనం ఖర్చు పెంచుతాయి. 1960ల నుంచి దీనికి విరుగుడుగా ట్రైబ్యూటైల్ తగరం కలిపిన రంగు వేసేవారు. రంగు బాగా పనిచేసింది. అయితే అది నెమ్మదిగా నీటిలోకి ఊరుతూ ఇతర ప్రాణులకూ చేటు చేసింది. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం 1970ల చివర దెబ్బతింది. ఆల్చిప్పల గుల్లలు వంకర తిరిగాయి, పిల్లలు బతకలేదు. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఈ రంగును నిషేధించింది. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరు 17న అమలులోకి వచ్చింది.

ఈ కాలక్రమాన్ని గమనించండి. పదార్థం వాడుకలోకి రావడానికీ, దాన్ని ప్రపంచమంతటా ఆపడానికీ మధ్య సుమారు 40 ఏళ్ళు గడిచాయి. ఓడల అడుగు నుంచి తగరాన్ని తొలగించాలని దేశాలు చర్చిస్తున్న కాలంలోనే, ప్రయోగశాలల్లో సౌర పాలిమర్ల కోసం తగరం సమ్మేళనాల వాడకం పెరుగుతూ వచ్చింది. మోతాదులు వేరు, సమ్మేళనాలు వేరు. నేర్చుకోవలసిన పాఠం మాత్రం ఒకటే.

6. హరిత మార్గాలు

1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ హరిత రసాయనశాస్త్రానికి 12 సూత్రాలు ప్రకటించారు. వాటి సారం ఇది: వ్యర్థం పుట్టాక శుద్ధి చేయడం కన్నా పుట్టకుండా చూడడం మేలు. ఈ దృష్టితో సంయుగ్మ పాలిమర్ల తయారీలో వచ్చిన మార్పులను మూడు దారులుగా చూద్దాం.

6.1 తగరాన్ని తప్పించడం

తగరం బదులు బోరాన్ సమూహం వాడితే అది సుజుకి చర్య. మిగిలే బోరాన్ సమ్మేళనాల విషస్వభావం చాలా తక్కువ. పి3హెచ్‌టి విషయంలో రిచర్డ్ మెకలో బృందం మెగ్నీషియం సమూహంతో, చవకైన నికెల్ ఉత్ప్రేరకంతో పాలిమర్‌ను తయారుచేసే పద్ధతిని 1990లలో అభివృద్ధి చేసింది. అయితే మెగ్నీషియం సమ్మేళనాలు చాలా చురుకైనవి. సంక్లిష్టమైన కొత్త పాలిమర్లలో ఉండే సున్నితమైన సమూహాలను అవి పాడుచేస్తాయి.

అన్నిటికన్నా సూటి ఆలోచన మరొకటి ఉంది. అసలు లోహ సమూహాన్ని తగిలించడమే ఎందుకు? వలయంలో సహజంగా ఉన్న కార్బన్–హైడ్రోజన్ బంధాన్నే వాడుకొంటే సరిపోదా? దీన్ని 'ప్రత్యక్ష ఎరైలీకరణం' అంటారు. కెనడాలోని ఒట్టావాలో కీత్ ఫాన్యూ 2006లో పివాలిక్ ఆమ్లాన్ని కొద్దిగా చేరిస్తే ఈ చర్య సులువవుతుందని చూపాడు. 2010లో జపాన్‌లోని క్యోటోలో ఫుమియుకి ఒజావా బృందం ఈ చర్యతో పొడవైన, క్రమమైన పి3హెచ్‌టిని తయారుచేసింది.

ముందటి లెక్కను మళ్ళీ వేద్దాం. ఇప్పుడు ఒక్కొక్క బంధానికి పోయేది హైడ్రోజన్ బ్రోమైడ్, మోలార్ ద్రవ్యరాశి 81 గ్రాములు. పరమాణు మితవ్యయం 166 ÷ (166 + 81), అంటే సుమారు 67 శాతం. చర్యలో వేసే క్షారం ఈ ఆమ్లాన్ని ఉప్పుగా మారుస్తుంది. ఆ క్షారాన్నీ లెక్కలో చేరిస్తే శాతం కొంత తగ్గుతుంది. అయినా చివరికి మిగిలేది పొటాషియం బ్రోమైడ్ లాంటి లవణం, నాడీ విషం కాదు. తగరం ఏకాణువు తయారీ దశలు కూడా మొత్తంగా తప్పిపోతాయి.

చిక్కులు లేవా? ఉన్నాయి. థయోఫీన్ వలయంలో గంధకానికి పక్కనున్న స్థానాల్లోనే కాక, దూరంగా ఉన్న స్థానాల్లోనూ హైడ్రోజన్ ఉంటుంది. చర్య అక్కడ కూడా జరిగితే గొలుసుకు కొమ్మలు పుడతాయి. ఎలక్ట్రాన్ల దారి చెడుతుంది, ఘటం సామర్థ్యం పడిపోతుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్యారీ థామ్సన్ బృందం బాగా గుబురుగా ఉండే ఆమ్లాలను ఎంచుకొని కొమ్మలు పుట్టడాన్ని అదుపుచేసింది. హరిత పద్ధతి నిలబడాలంటే శుభ్రంగా ఉంటే చాలదు, పాత పద్ధతి ఇచ్చినంత నాణ్యమైన పాలిమర్‌ను ఇవ్వాలి.

6.2 ఉత్ప్రేరకం: హైదరాబాద్ నుంచి ఒక ఉదాహరణ

పెల్లేడియం అరుదైన, ఖరీదైన లోహం. పాలిమర్‌లో అది కొద్దిగా మిగిలినా విద్యుదావేశాలకు ఉచ్చులా మారి ఘటాన్ని బలహీనపరుస్తుంది. మిగిలిన లోహాన్ని తీయడానికి మళ్ళీ లీటర్ల కొద్దీ ద్రావణితో కడగాలి. కాబట్టి ఉత్ప్రేరకాన్ని ఒక ఘనపదార్థానికి అంటించి, చర్య ముగిశాక వడపోసి తిరిగి వాడుకోవడం హరిత రసాయనశాస్త్రంలో ఒక ముఖ్యమైన దారి.

ఈ దారిలో తెలుగు నేల మీద జరిగిన కృషి ప్రపంచం దృష్టికి వచ్చింది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వారి సహచరులు మెగ్నీషియం–అల్యూమినియం పొరల హైడ్రాక్సైడ్ మీద నానో పరిమాణపు పెల్లేడియంను నిలిపారు. ఈ పదార్థం బంకమట్టిలా పొరలు పొరలుగా ఉంటుంది. దీనితో హెక్, సుజుకి, సొనొగషిరా, స్టిల్ చర్యలు నాలుగింటినీ నడిపించి 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. బ్రోమీన్, అయోడిన్ సమ్మేళనాల కన్నా చవకైన, అయితే అంత సులువుగా చర్య జరపని క్లోరిన్ సమ్మేళనాలతో కూడా చర్య సాగడం ఇందులో విశేషం. లక్ష్మీకాంతం తరవాత ఆ సంస్థకు తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు.

ఆ పరిశోధన చిన్న అణువులకు సంబంధించినది. పాలిమర్‌కు అదే ఎత్తుగడ వర్తించాలంటే గొలుసు చర్య చివరి దాకా కరిగే ఉండాలి. గొలుసు గడ్డకట్టి కిందికి దిగితే ఉత్ప్రేరకం, పాలిమర్ రెండూ ఘనరూపంలో కలిసిపోతాయి, వడపోత సాధ్యం కాదు. చిన్న అణువుల దగ్గర గెలిచిన పద్ధతి పాలిమర్ల దగ్గర ఎందుకు మళ్ళీ పరీక్షకు నిలవాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

6.3 ద్రావణిని మార్చడం

సౌర పాలిమర్ల సిరాకు చాలాకాలం క్లోరోఫాం, క్లోరోబెంజీన్, డైక్లోరోబెంజీన్ వాడుతూ వచ్చారు. పాలిమర్లు వీటిలో బాగా కరుగుతాయి. ప్రయోగశాలలో చుక్కల లెక్కన, పొగగూడు కింద వాడితే ఇబ్బంది లేదు. కర్మాగారంలో వందల లీటర్లు ఆవిరి చేయాలంటే పనివారి ఊపిరితిత్తులు, కాలేయం సంగతి చూడాలి. ఇప్పుడు టోలీన్, ఆర్థో-జైలీన్ లాంటి క్లోరిన్ లేని ద్రావణుల వైపు, 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ లాంటి వ్యవసాయ వ్యర్థాల నుంచి తీయగల వాటి వైపు పరిశోధన మళ్ళింది. ప్రత్యక్ష ఎరైలీకరణానికి సాధారణంగా వాడే డైమిథైల్ ఎసిటమైడ్ సంతానోత్పత్తికి హాని చేసే పదార్థం. దాని స్థానంలో మొక్కల నూనెల్లో దొరికే పారా-సైమీన్ పనికివస్తుందని థామ్సన్ బృందం చూపింది. ఇటలీలోని మిలాన్‌లో లూకా బెవెరీనా బృందం సబ్బులాంటి పదార్థాల సాయంతో నీటిలోనే సుజుకి చర్య జరిపే పద్ధతులను పెంపొందించింది.

ద్రావణి ఆవిరి ఎంత ప్రమాదకరమో విశాఖ ప్రాంతానికి తెలుసు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో కారిన ద్రావణి ఆవిరి అంటుకొని జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. అక్కడ తయారయ్యేవి మందుల రసాయనాలు, సౌర పాలిమర్లు కావు. అయితే సౌర పాలిమర్ల ఏకాణువులను పెద్ద ఎత్తున చేసే రోజు వస్తే, ఆ పని అలాంటి రియాక్టర్లలో, అలాంటి పీపాల మధ్యనే జరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) పి3హెచ్‌టి తయారీలో స్టిల్ చర్య, ప్రత్యక్ష ఎరైలీకరణాల పరమాణు మితవ్యయాన్ని లెక్కించండి.
(ఆ) పాలిమర్ గొలుసుకు కొమ్మలు పుడితే వచ్చే నష్టం ఏమిటి?

7. విశాఖపట్నం అనుభవం

ఇక పరిచయంలో చెప్పిన తేదీకి వద్దాం. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి పాలిమర్ కర్మాగారం 1961లో హిందుస్తాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. అక్కడ స్టైరీన్ నుంచి పాలిస్టైరీన్ తయారుచేసేవారు. పాలిస్టైరీన్ ప్రధాన గొలుసు సంయుగ్మం కాదు, దానికి సౌర ఘటాలతో సంబంధం లేదు. మనం దాన్ని ఇక్కడ చూసేది పాలిమర్ తయారీలోని ప్రమాదం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి.

స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారగల ద్రవం. అలా మారేటప్పుడు వేడి వెలువడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకొంటుంది. కాబట్టి నిల్వచేసే ట్యాంకును చల్లగా ఉంచాలి, ద్రవాన్ని కదుపుతూ ఉండాలి, నిరోధకం అనే రసాయనాన్ని తగిన మోతాదులో చేర్చాలి. 2020 మార్చి చివర కొవిడ్ లాక్‌డౌన్‌తో కర్మాగారం ఆగింది. స్టైరీన్ మాత్రం ట్యాంకులోనే ఉంది. మే 7 తెల్లవారుజామున ఎం6 అనే ట్యాంకు వేడెక్కి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఇళ్ళ మీదికి పాకింది. 12 మంది మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ట్యాంకు రూపకల్పన, శీతలీకరణ, ద్రవాన్ని కదిపే ఏర్పాటు, నిరోధకం నిర్వహణ – వీటన్నిటిలోనూ లోపాలను ఎత్తి చూపింది.

భద్రతను రెండు విధాలుగా సాధించవచ్చు. మొదటిది, ప్రమాదకరమైన పదార్థాన్ని ఉంచుకొని చుట్టూ కాపలా పెట్టడం. శీతల యంత్రం, నిరోధకం, సైరన్ ఈ కోవలోవి. రెండోది, ఆ పదార్థం అవసరాన్నే తగ్గించడం లేదా తొలగించడం. బ్రిటన్ రసాయన ఇంజనీరు ట్రెవర్ క్లెట్జ్ 1970ల చివర నుంచి రెండో దాన్ని గట్టిగా ప్రతిపాదించాడు. లేని పదార్థం కారిపోదు కదా! కాపలాకు మనిషి, కరెంటు, శ్రద్ధ రోజూ కావాలి. వాటిలో ఏది తప్పినా మూల్యం చెల్లించేది గోడ అవతల నిద్రపోతున్నవారు.

తగరం లేని సౌర పాలిమర్ రెండో రకం భద్రతకు ఉదాహరణ. తగరం వ్యర్థాన్ని జాగ్రత్తగా పీపాల్లో నింపి, ముద్రవేసి, లెక్క రాసి పంపడం కాపలా. తగరమే అవసరం లేని చర్యను కనిపెట్టడం నివారణ. స్టైరీన్ విషయంలో అలాంటి అవకాశం తక్కువ, ఎందుకంటే పాలిస్టైరీన్‌కు స్టైరీనే ముడిసరుకు. సంయుగ్మ పాలిమర్లలో తగరం ముడిసరుకు కాదు, దారిలో తగిలించి పారేసే సమూహం మాత్రమే. కాబట్టి దాన్ని తప్పించే వీలుంది. పైగా ఈ పరిశ్రమ ఇంకా భారీ స్థాయికి ఎదగలేదు. ఓడల రంగు విషయంలో 40 ఏళ్ళు ఆలస్యంగా చేసిన పనిని ఇక్కడ ముందే చేసే అవకాశం ఉంది. కర్మాగారం కట్టాక పద్ధతి మార్చడం కష్టం. ప్రయోగశాలలో ఉండగా మార్చడం సులువు.

హరిత పద్ధతి అనగానే హాని పూర్తిగా పోయిందని అనుకోకూడదు. ప్రత్యక్ష ఎరైలీకరణానికీ పెల్లేడియం కావాలి, 100 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ వేడి కావాలి. టోలీన్, జైలీన్‌లకు క్లోరిన్ లేకపోయినా మండే గుణం ఉంది. 'హరితం' అనే మాటను ఒక పతకంలా కాక, పాత పద్ధతితో పోల్చి చెప్పే కొలతలా వాడండి. ఏ పద్ధతినైనా పరిశీలించేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి: ఏం వేశారు? ఏం మిగిలింది? ఏం ఆవిరైంది? అది ఎవరి దగ్గర మిగిలింది?

8. సారాంశం

బొగ్గు బెంజీన్‌లో 1882లో బయటపడిన థయోఫీన్, సంయుగ్మ పాలిమర్లకు ముఖ్యమైన నిర్మాణ భాగమైంది. 1977 నాటి పాలిఎసిటిలీన్ పరిశోధన, 1992, 1995 నాటి దాత–గ్రహీత పరిశోధనలు పాలిమర్ సౌర ఘటానికి దారి తీశాయి. సామర్థ్యం పెంచే ప్రయత్నంలో తగరం ఆధారిత స్టిల్ చర్య విస్తరించింది. కర్బన తగరం సమ్మేళనాల హాని స్టాలినాన్ మందు, ఓడల రంగుల చరిత్రలో అప్పటికే రుజువైంది. ప్రత్యక్ష ఎరైలీకరణం తగరాన్ని తొలగించి, పరమాణు మితవ్యయాన్ని సుమారు 40 నుంచి 67 శాతానికి పెంచగలదు. తిరిగి వాడగల ఉత్ప్రేరకాలు, క్లోరిన్ లేని ద్రావణులు మిగతా రెండు దారులు. ప్రమాదకర పదార్థానికి కాపలా పెట్టడం కన్నా దాని అవసరాన్ని తొలగించడం మేలన్నది విశాఖపట్నం 2020 అనుభవం బలపరిచే పాఠం.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సంయుగ్మ పాలిమర్ల తయారీలో తగరం మార్గం నుంచి ప్రత్యక్ష ఎరైలీకరణం వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. 'కాపలా', 'నివారణ' అనే రెండు భద్రతా విధానాలను విశాఖపట్నం ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. థయోఫీన్ ఆవిష్కరణను వివరించండి.
2. ట్రైబ్యూటైల్ తగరం రంగుల చరిత్ర నుంచి సౌర పాలిమర్ల పరిశ్రమ నేర్చుకోదగిన పాఠం ఏమిటి?
3. 10 శాతం సామర్థ్యం గల పాలిమర్ ఘటాలతో 2 మెగావాట్ల కేంద్రం నిర్మించాలంటే ఎంత విస్తీర్ణం పూయాలి? పూతకు పట్టే పదార్థం ఎన్ని గ్రాములు? ఆవిరయ్యే ద్రావణి ఎన్ని లీటర్లు? (పూత మందం, సిరా గాఢత 4వ భాగంలో ఇచ్చినవే.)

10. పదకోశం

సంయుగ్మ పాలిమర్: ఏకబంధాలు, ద్విబంధాలు మారిమారి వచ్చే పొడవైన గొలుసు అణువు.
దాత, గ్రహీత: కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది దాత, తీసుకొనేది గ్రహీత.
ఏకాణువు: పాలిమర్ గొలుసులో ఒక్కొక్క ఇటుకగా చేరే చిన్న అణువు.
పరమాణు మితవ్యయం: మొత్తం ఉత్పన్నాల బరువులో కావలసిన ఉత్పన్నం వాటా.
ప్రత్యక్ష ఎరైలీకరణం: లోహ సమూహం తగిలించకుండా, కార్బన్–హైడ్రోజన్ బంధం దగ్గరే వలయాలను కలిపే చర్య.
నిరోధకం: ఏకాణువు తనంతట తాను పాలిమర్‌గా మారకుండా అడ్డుకొనే పదార్థం.